పన్నే కదా!

"పన్నే కదా పోయింది, ప్రాణం పోలేదు కదా!" అంది మా వదిన ఫోన్లో.

అప్పుడు నా ఎడమ బుగ్గ మీద ఐసుముక్కలు చుట్టిన తువ్వాలుంది, పళ్ళ మధ్య దూది ఉంది. నోరు తెరవడానికి లేదు. "ఊఁ" అన్నాను. ఆ "ఊఁ"ని ఆవిడ నా ఒప్పుకోలు కింద జమ కట్టేసుకుంది. నేను ఒప్పుకోలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది. పొయ్యి మీద పాలుంటే దించేసి రండి.

జరిగింది ఇదీ. పోయినేడు కాదు, అంతకు ముందేడు కార్తీకమాసంలో ఎడమవైపు కింది పెద్ద పన్ను సలపడం మొదలుపెట్టింది. లవంగం పెట్టాను, లవంగ నూనె పెట్టాను, పది రోజులు కుడివైపు నమిలాను. మనం అందరం చేసే వైద్యమే. చివరికి రాత్రి నిద్ర పట్టక బయల్దేరితే, "బయటివాళ్ళ దగ్గరికెందుకు, మనవాడు ఉండగా?" అంది వదిన. మనవాడంటే ఆవిడ తోడికోడలి కొడుకు. బీడీఎస్ చేసి కొత్తగా క్లినిక్ పెట్టాడు. నన్ను అత్తయ్యా అంటాడు. బుద్ధిమంతుడు. ఇది వెటకారంగా అనడం లేదు, నిజంగానే బుద్ధిమంతుడు.

రూట్ కెనాల్ చెయ్యాలన్నాడు. దానికీ, పైన క్యాప్‌కీ కలిపి 9,500. బంధువులమని 500 తగ్గించి 9,000 తీసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు. మనవాళ్ళకి బిల్లేంటి అని నేనూ అడగలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

రెండో సిట్టింగులో నోట్లో ఏదో జరిగింది. అన్నంలో రాయి తగిలితే పంటి కింద తెలుస్తుంది చూడండి, అలా సన్నగా టక్కుమంది. అతని చెయ్యి ఆగిపోయింది. చేతిలో ఉన్న సూదిలాంటి పనిముట్టుని లైటు కింద పెట్టి చూసుకున్నాడు. పక్కనున్న అమ్మాయితో ఇంగ్లీషులో ఏదో గొణిగాడు. అప్పటిదాకా మా అబ్బాయి చదువు గురించి అడుగుతూ ఉన్నవాడు ఒక్కసారిగా మూగబోయాడు. ఎక్స్‌రే తీశాడు. మళ్ళీ ఇంకోటి తీశాడు.

"ఏమైంది బాబూ?" అన్నాను, దూది పక్కనుంచి.

"ఏం లేదత్తయ్యా. వేరు కొంచెం వంకరగా ఉంది. అంతా బాగానే ఉంది."

క్యాప్ పెట్టేశాడు. నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. పెద్ద నొప్పి కాదు, పక్కింట్లో టీవీ మోగుతున్నట్టు ఎప్పుడూ ఏదో ఒక మూల వినపడుతూ ఉండేది. మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి చిగురు వాచిందన్నాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. రెండోసారి యాంటీబయోటిక్ రాశాడు. మూడోసారి, "మీకు నిద్రలో పళ్ళు కొరికే అలవాటుందేమో అత్తయ్యా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆడదాని ఒంట్లో ఏ నొప్పి వచ్చినా మూడే కారణాలు: టెన్షన్, వయసు, క్యాల్షియం. మోకాలికి ఇవే, తలనొప్పికి ఇవే, ఇప్పుడు పంటికీ ఇవే. నా పంట్లో ఏముందో ఎక్స్‌రేలో రెండుసార్లు చూసి తెలుసుకున్న మనిషి, నా నొప్పికి కారణం నా మనసేనని నా మొహం మీద చెప్పాడు. నేను నమ్మాను కూడా! పదిహేను రోజులు పొద్దున్నే ప్రాణాయామం చేశాను. పనిముట్టు విరగ్గొట్టినందుకు కాదు, ఆ పదిహేను రోజుల ప్రాణాయామానికి నాకు కోపం.

అవును, విరిగింది. ఈ సంక్రాంతికి అరిసెల పాకం పడుతూ ఉంటే దవడ బన్నులా వాచిపోయింది. పండగ పూట మనవాడి క్లినిక్ మూసి ఉండటం నా అదృష్టం. విజయవాడలో ఒక స్పెషలిస్టు దగ్గరికి, అంటే రూట్ కెనాల్స్‌లోనే ఎండీఎస్ చేసినాయన దగ్గరికి, మావారు తీసుకెళ్ళారు. ఆయన ఎక్స్‌రే తీసి తెర నా వైపు తిప్పారు. ముందు వేరు చివర సూది మొనలాంటి తెల్లటి గీత ఉంది, ఒక మూడు మిల్లీమీటర్లు. దాని కింద నల్లటి మచ్చ.

"ఫైల్ ముక్కమ్మా ఇది. మీకు చెప్పలేదా?"

ఫైల్ అంటే ఏమిటో ఆయన వివరంగా చెప్పారు, చూపించారు కూడా. వెంట్రుకంత సన్నగా మెలికలు తిరిగిన సూది. పంటి వేళ్ళ లోపల ఉండే సన్నని కాలువల్లో కుళ్ళిన నరాన్ని గీకి తియ్యడానికి వాడతారు. కింది పెద్ద పంటికి మామూలుగా రెండు వేళ్ళు, మూడు కాలువలు ఉంటాయట. ముందు వేరులోని కాలువలు ఇరుకు, పైగా వంకర. తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే ఒకచోట పుటుక్కుమంటుంది కదా, ఆ వంపులో తిరిగి తిరిగి ఫైలూ అలాగే విరుగుతుంది. ఎక్కువసార్లు వాడిన ఫైలైతే ఇంకా తొందరగా విరుగుతుంది. "నాకూ విరిగాయమ్మా. రూట్ కెనాల్స్ చేసేవాడెవడైనా నాకెప్పుడూ విరగలేదన్నాడంటే నేను నమ్మను" అన్నారాయన.

ఆ మాటతో మనవాడి మీద నా కోపం సగం తగ్గాలి. తగ్గలేదు, రెట్టింపయింది. ఎందుకంటే తర్వాత ఆయన చెప్పింది వినండి. విరిగిన ముక్క విషం కాదు. అది విరిగే ముందే కాలువ బాగా శుభ్రపడి ఉంటే, ముక్కని అక్కడే వదిలేసి, కొన్ని నెలలకోసారి ఎక్స్‌రే తీసి చూసుకుంటూ ఉండొచ్చు. చాలామందికి ఏమీ కాదు. లోపల ఇన్‌ఫెక్షన్ మిగిలి ఉంటే ముక్క పక్కనుంచి దారి చేసుకుని శుభ్రం చెయ్యొచ్చు. మైక్రోస్కోపు కింద పెట్టి, సన్నటి కంపనాలతో వదులు చేసి బయటికి లాగే ప్రయత్నం చెయ్యొచ్చు. అదీ కాకపోతే చిన్న ఆపరేషన్ చేసి వేరు చివర కోసేయొచ్చు. ఇన్ని దారులున్నాయి! అన్నిటికీ కావాల్సింది ఒక్కటే, లోపల ముక్క ఉందని ఆ పంటి సొంతదారుకి తెలియడం. నాకు తెలియలేదు కాబట్టి పద్నాలుగు నెలలు చీము నా దవడ ఎముకని తింటూ కూర్చుంది. పన్ను నిలబడదని, తీసెయ్యక తప్పదని ఆయన చెప్పారు. తీసేశారు.

ఆ రోజు మనవాడు, "అత్తయ్యా, చిన్న ముక్క విరిగింది. నాకు తియ్యడం రాదు. ఫలానా స్పెషలిస్టుకి రాసిస్తాను, వెళ్ళండి" అని ఉంటే ఏమయ్యేది? నేను గాభరా పడేదాన్ని. రెండు మాటలు అనేదాన్నేమో. వెళ్ళేదాన్ని. పన్ను ఉండేదని ఎవరూ హామీ ఇవ్వలేరు కానీ, ఉండటానికి అవకాశం ఉండేది. చెయ్యి జారడం పొరపాటు. జారిందని తెలిసీ మూత పెట్టి, ఆ మూతకి నా దగ్గరే డబ్బు తీసుకోవడాన్ని మాత్రం నేను పొరపాటు అనను.

ఇప్పుడు "పన్నే కదా" దగ్గరికి వస్తాను. జాకెట్టు చంక దగ్గర బిగుతైతే టైలరు దగ్గరికి నాలుగుసార్లు తిరుగుతాం. మిక్సీ బాగుచేసి ఇచ్చాక చప్పుడు వస్తే అదే సాయంత్రం తిరిగి పట్టుకెళ్తాం. పప్పులో పురుగుంటే కొట్టువాడితో వీధంతా వినపడేలా మాట్లాడతాం. నోట్లో ఉన్న పంటి విషయానికొచ్చేసరికి మాత్రం "పోనీలే". పోనిస్తే ఏమవుతుందో చెప్తాను. కింద ఖాళీ ఉంటే పై పన్ను నెమ్మదిగా కిందికి దిగుతుంది. పక్క పళ్ళు ఆ సందులోకి ఒరుగుతాయి. బ్రిడ్జి కట్టించాలంటే అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్ళని అరగదియ్యాలి. ఇంప్లాంట్ అంటే ఆ ఖర్చుకి ఇంట్లో ఒక నెల సరుకులు, స్కూలు ఫీజు అన్నీ లెక్కలోకి వస్తాయి. మామూలు హెల్త్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పంటి వైద్యం పట్టదు. ఆ లెక్క వేసినప్పుడు ఇంట్లో ఎవరి పన్ను వాయిదా పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మా అత్తగారికి డెబ్బై ఆరేళ్ళు. యాభై దాటేసరికే ఆవిడ దవడ పళ్ళన్నీ పోయాయి. ఒక్కోటి పోయినప్పుడల్లా ఇంట్లో అందరూ "పన్నే కదా" అనే ఉంటారు. జంతికలు చేస్తే ఆవిడ కాఫీలో నానబెట్టుకుని తింటారు. ఆవిడకి అలాగే ఇష్టమేమో అని పెళ్ళైన కొత్తలో నేను అనుకునేదాన్ని. అడిగితే, "కరకరలాడేది నమిలి పాతికేళ్ళు దాటిందమ్మా" అన్నారు. మా వదిన ఫోన్ పెట్టేశాక నా పక్కన కూర్చుని ఆవిడే అన్నారు: "వెళ్ళి అడుగు. నా కూతురు అరిస్తే నే చూసుకుంటాను."

మా వదిన అరవడానికి కారణం లేకపోలేదు. ఆ అబ్బాయికి పెళ్ళి కుదిరింది. అమ్మాయి తరఫువాళ్ళు చుట్టాలందరినీ ఆరా తీస్తున్నారు. "ఇప్పుడు నువ్వు పన్ను పట్టుకుని వీధికెక్కితే వాడి బతుకేం కావాలి? నాకు మా తోడికోడలి మొహం చూసే దారుంటుందా?" అంది. ఆవిడ ఇబ్బంది నిజమే. కానీ గమనించారా, ఆ మాటల్లో అబ్బాయి బతుకుంది, తోడికోడలి మొహం ఉంది, కుటుంబం పరువుంది. నా దవడ లేదు. కుటుంబం పరువు ఎప్పుడూ ఎవరో ఒక ఆడదాని నోటి మీదే ఆధారపడి ఉంటుంది, అది మూసి ఉన్నంతసేపు.

నా తప్పు కూడా చెప్పుకుంటాను. ఆ రోజు కుర్చీలో ఉన్నప్పుడే నాకు ఏదో జరిగిందని తెలుసు. టక్కుమన్నది నా నోట్లోనే. రెండో ఎక్స్‌రే ఎందుకు తీశావని నేను అడగలేదు. 500 తగ్గించాడన్న మొహమాటం ఒకటి. చదువుకున్నవాడికి తెలియదా అన్న భక్తి ఇంకొకటి. కూరగాయలవాడి త్రాసుని నమ్మని నేను, నా నోట్లో జరిగినదాని గురించి ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకున్నాను.

అడగడం అంటే గొడవ చెయ్యడం అనుకునేవాళ్ళ కోసం ఒక మాట. క్లినిక్ అద్దాలు పగలగొట్టేవాళ్ళు, డాక్టర్ల మీద చెయ్యి చేసుకునేవాళ్ళు, ఫోన్లో వీడియో తీసి ఊరంతా పంచేవాళ్ళు నాకు అసహ్యం. వాళ్ళు మనకే ద్రోహం చేస్తున్నారు. చెప్తే కొడతారని భయపడ్డ డాక్టరు ఇంకా దాస్తాడు. న్యాయం కూడా డాక్టర్లని గుడ్డిగా శిక్షించమనలేదు. వైద్యంలో జరిగిన ప్రతి పొరపాటూ నిర్లక్ష్యం కిందికి రాదని 2005లో సుప్రీంకోర్టే చెప్పింది. మా అబ్బాయి చేత ఇవన్నీ వెతికించి చదివించుకున్నాను. అదే సుప్రీంకోర్టు 1995లో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. పళ్ళ డాక్టరూ అందులో భాగమే. 2010లో ఒక హైదరాబాద్ కేసు ఉంది. మలేరియా విభాగంలో పనిచేసే ఉద్యోగి భార్యకి జ్వరమొస్తే, ఆసుపత్రిలో టైఫాయిడ్ అనుకుని వైద్యం చేశారు. వచ్చింది మలేరియా. ఆవిడ చనిపోయింది. నిపుణుడైన డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పలేదన్న కారణంతో రాష్ట్ర కమిషన్ కేసు కొట్టేస్తే, ప్రతి కేసులోనూ అలాంటి సాక్ష్యం అక్కర్లేదని సుప్రీంకోర్టు అతని వైపు నిలబడింది. ఆ భర్త జిల్లా ఫోరం నుంచి ఢిల్లీ దాకా వెళ్ళాడు. అతన్ని ఎవరూ "పోనీలే" అనలేదా? తప్పకుండా అనే ఉంటారు.

నేను కోర్టుకి వెళ్ళలేదు. వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి మరీ కష్టమేం కాదు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. వైద్యానికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్ళు, ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కమిషన్ వినొచ్చు. ముందు సలహా కావాలంటే 1915 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు. డాక్టరు ప్రవర్తన మీద ఫిర్యాదైతే రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ ఉంది. ఇవన్నీ ఎక్కడ ఆగిపోతాయో తెలుసా? కాయితం దగ్గర. బిల్లు లేదు, చీటీ లేదు, ఎక్స్‌రే వాళ్ళ కంప్యూటర్లో. నా దగ్గర మిగిలింది ఫోన్‌పేలో పంపిన 9,000 తాలూకు ఆనవాలు ఒక్కటే. మనవాడు అడిగినట్టు నగదు ఇచ్చి ఉంటే అదీ ఉండేది కాదు. అందుకే బంధువైనా, స్నేహితురాలి మొగుడైనా, బిల్లు తీసుకోండి. పంటికి ఒక నంబరుంటుంది, నాది 36. అది చీటీ మీద రాయించుకోండి. ఎక్స్‌రే తీసిన వెంటనే వాట్సాప్‌లో పంపమనండి, పది సెకన్ల పని. అనుమానమొస్తే పన్ను పీకించే ముందే ఇంకో డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించి దాచుకోండి. పన్ను పోయాక అందులో ఏముందో ఏ దేవుడూ సాక్ష్యం చెప్పడు.

ఇక అడిగిన సంగతి. వాపు తగ్గాక ఒక్కదాన్నే వెళ్ళాను. మావారు వస్తానన్నారు, వద్దన్నాను. ఇద్దరు మగవాళ్ళు కూర్చుంటే అది "మామయ్యా, మీరు అర్థం చేసుకోవాలి" దగ్గర మొదలై కాఫీల దగ్గర తేలిపోతుందని నాకు తెలుసు. పేషెంట్లు లేని మధ్యాహ్నం వేళ చూసి వెళ్ళాను. ఎక్స్‌రే ప్రింటు బల్ల మీద పెట్టాను.

"అది ఫిల్లింగ్ మెటీరియల్ అత్తయ్యా" అన్నాడు మొదట.

నేనేమీ అనలేదు. విజయవాడ డాక్టరు రాసిచ్చిన చీటీ దాని పక్కన పెట్టాను. చాలాసేపు దాని వైపే చూశాడు. తర్వాత అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"భయమేసిందత్తయ్యా. అప్పటికి క్లినిక్ పెట్టి ఏడు నెలలు. లోను తీసుకుని పెట్టాను. మీతో చెప్తే పిన్నికి తెలుస్తుంది, పిన్నికి తెలిస్తే అందరికీ తెలుస్తుంది. ఏమీ కాదులే అనుకున్నాను. రోజూ అనుకునేవాణ్ణి, ఏమీ కాకూడదని."

నాకు జాలేసింది. మా అబ్బాయి వయసుకి నాలుగేళ్ళు ఎక్కువంతే. జాలేస్తే మనమేం చేస్తామో మీకూ తెలుసు. "సర్లే నాన్నా" అని లేచి వచ్చేస్తాం. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చినా ఆపుకుని, "ఆ రోజు తీసిన రెండు ఎక్స్‌రేలూ కావాలి. ఏం జరిగిందో ఒక కాయితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టివ్వు" అన్నాను.

"కాయితమెందుకత్తయ్యా? మీ డబ్బు ఇచ్చేస్తాను."

"డబ్బు కూడా ఇవ్వు. కాయితమూ ఇవ్వు. ఇంకోసారి ఏ ఆడమనిషినీ టెన్షన్ తగ్గించుకోమనకు, నీ దగ్గర ఎక్స్‌రే ఉండగా."

అరగంట పట్టింది. రాశాడు. చేతిరాత బాగుంటుంది అతనిది. "ఫైల్ విరిగింది, పేషెంటుకి తెలియజేయలేదు" అన్న లైను దగ్గర రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాడు. 9,000 అక్కడికక్కడే ఫోన్‌కి పంపాడు. తీసుకున్నాను. "వాడి దగ్గర డబ్బు కూడా తీసుకున్నావా!" అని మా వదిన ఇప్పటికీ అంటోంది. తీసుకున్నాను వదినా. పన్ను తీయించడానికీ, మందులకీ, విజయవాడకి తిరగడానికీ అంతకంటే ఎక్కువే అయింది. మిగతాది నేను అడగలేదు. అడగాల్సిందని మా అత్తగారు.

కొంతమంది స్నేహితురాళ్ళు, పేరు బయట పెట్టు, నలుగురూ జాగ్రత్తపడతారు అన్నారు. పెట్టను. చేసింది ఒప్పుకుని సంతకం పెట్టిన మనిషి అతను. ఆ కాయితం ఇచ్చి ఉండకపోతే వేరే దారి చూసేదాన్ని. ఈ పాటికి కౌన్సిల్‌కి ఉత్తరం వెళ్ళి ఉండేది, పెళ్ళైనా సరే, పేరంటమైనా సరే.

శుభలేఖ మొన్న కొరియర్లో వచ్చింది. పక్క వీధిలో ఉండే మా వదిన చేత పంపించలేదు. మావారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "వెళ్దామంటావా?" అని అడిగారు. వెళ్దామన్నాను. తీసిన చోట ఎముక మానాక, వచ్చే నెల బ్రిడ్జి కొలతలకి విజయవాడ రమ్మన్నారు. ముహూర్తం ఆ మర్నాడే. అత్తగారు కూడా తన పళ్ళ సెట్టు సంగతి ఆ డాక్టరుని అడుగుదాం, కారులో నాకూ చోటు ఉంచమన్నారు.